ఉత్తరేణికి పళ్లొచ్చిన కథ

“బూరే... ఓ బూరే, ముద్ద పెట్టాను, రావే!”

ఆ కేక వీధి చివరిదాకా వినపడేది. ఒకప్పుడు, అంటే ఉత్తరేణి గింజలు ఆవగింజల్లా నున్నగా ఉండి, పండగానే మొక్క మొదట్లోనే రాలిపోయే రోజుల్లో అన్నమాట. కేకేసింది నూకాలనే చిన్నపిల్ల. బూరె అంటే తినేది కాదర్రా, దాని కుక్క. గుండ్రంగా, ఎర్రగా, అప్పుడే నూనెలోంచి తీసినట్టుండేది.

ఆ ఇంట్లో ఒక పద్ధతుంది. అరుగు పక్కన రాయి మీద నూకాలు బూరెకి మొదటి ముద్ద పెట్టాలి. ఆ తర్వాతే ఎవరైనా కంచం ముందు కూర్చోవడం. తినేశాక బూరె ఏం చేసేదంటారా, నూకాలు పరికిణీ అంచు పళ్లతో మెత్తగా పట్టుకుని, ఆ పిల్ల ఎటెళ్తే అటే.

బూరె ముసలిదైంది. ఒక పొద్దున ఇంక లేవలేదు. నాన్న దాన్ని చేనుగట్టున, ఉత్తరేణి పక్కన పాతిపెట్టాడు.

నూకాలు ఆవేళ ముద్ద కలపలేదు. ఎవరికని కలుపుతుంది? అది కలపందే ఎవరూ కూర్చోరాయె. అన్నం చల్లారిపోయింది. పొద్దు వాలింది.

“నా కడుపులో ఎలుకలు పరిగెత్తి పరిగెత్తి అవీ పడుకున్నాయే,” అంది నాయనమ్మ.

నూకాలు గట్టుకి పోయి కూర్చుంది.

“ఇంటికెళ్లమ్మా,” అంది ఉత్తరేణి.

“వెనక అంచు పట్టుకునేది లేదుగా. ఒక్కదాన్నీ ఎలా వెళ్లను?”

ఉత్తరేణి మనసు ఆగలేదు. వంగి నేలతల్లిని అడిగింది. “అమ్మా, బూరె నీ ఒళ్లో పడుకుందిగా. పడుకున్నదానికి పళ్లెందుకు? నాకిప్పించు.”

“ఎవర్ని కరుద్దామనే?”

“కరవను. పట్టుకుంటాను.”

నేలతల్లి బూరెని అడిగింది. బూరె సరేనంది. ఆ పళ్లు వేళ్లలోంచి పైకి ఎక్కుతూ, సన్నబడుతూ, ప్రతి గింజకీ ముల్లంత పన్నై కూర్చున్నాయి.

చీకటి పడుతోందని నూకాలు లేచింది. ఎవరో అంచు పట్టుకున్నట్టైంది. తిరిగి చూస్తే ఎవరూ లేరు. నడిచింది. ఇంకా పట్టుకునే ఉన్నారు.

ఇంటికొచ్చాక నాయనమ్మ వంగి చూసింది. “ఒలమ్మా, సరిగ్గా బూరె పట్టుకునే చోటే పట్టుకున్నాయే ఈ గింజలు.”

నూకాలు ఒక్కొక్కటే తీసి, రాయి పక్కన మట్టిలో వేసింది. చేతులు కడుక్కుంది.

“అమ్మా, అన్నం వెయ్యి. ముద్ద కలపాలి.”

రాయి మీద ముద్ద పెట్టగానే, గూటికెళ్తున్న కాకి ఆగింది. “ఇంక ఈ వాటా నాదేనా?”

“ఈ పూటకి,” అంది నూకాలు.

అప్పుడు అందరూ కూర్చున్నారు. నాయనమ్మయితే తన కంచం ఖాళీ చేసి, నాన్న కంచంలోకి చూసింది.

అప్పటినుంచే ఉత్తరేణి గింజలకి పళ్లున్నాయి. గట్టు మీద ఏ పిల్ల నడిచినా అంచు పట్టుకుని, అన్నం వేళకి ఇంటిదాకా తోడొస్తాయి.