కోళ్ల షెడ్డుకు దించిన పరదాలు

రాళ్లపాలెంలో మాంసం కోళ్లు పెంచే కోటిలింగం ఏ తప్పునైనా సరిదిద్దుకోవడం కంటే కప్పిపుచ్చుకోవడమే తేలిక అనుకునేవాడు. అతని షెడ్డులో నేల మీద పరిచిన ఊక రెట్టతో తడిసి ముద్దయినా మార్చేవాడు కాదు. దాన్నుంచి లేచే ఘాటు గాలికి చుట్టుపక్కల వాళ్ల కళ్లు మండేవి.

పక్కింటి సుందరమ్మ భర్తకు ఆయాసం. ఆమె ఎన్నోసార్లు వచ్చి బతిమాలింది.

"తమ్ముడూ, ఆ ఊక తీయించి పొడి ఊక వేయించు. మీ బావకు ఊపిరాడటం లేదు."

"కోడికూర వండుకు తినేటప్పుడు లేని కంపు ఇప్పుడొచ్చిందా అక్కా?" అనేవాడు కోటిలింగం.

చివరికి ఊరివాళ్లు అర్జీ పెట్టారు. ఎండాకాలంలో ఒకరోజు, తనిఖీకి అధికారి వస్తున్నాడని పొద్దున్నే కబురొచ్చింది. కోటిలింగం గబగబా షెడ్డు చుట్టూ టార్పాలిన్ పరదాలు దించి, తాళ్లతో బిగించి కట్టేశాడు. వాకిట్లో సాంబ్రాణి పొగ వేశాడు.

"కోళ్లకు గాలి ఆడొద్దూ?" అంది భార్య నాగరత్నం.

"ఆయన వెళ్లగానే ఎత్తేద్దాంలే" అన్నాడు.

అధికారి మధ్యాహ్నానికి గానీ రాలేదు. వచ్చాక వాకిట్లో కుర్చీ వేయించుకుని, మజ్జిగ తాగుతూ కబుర్లలో పడ్డాడు. లోపల కోళ్ల అరుపులు మెల్లమెల్లగా సన్నగిల్లాయి. పరదా ఎత్తితే కంపు బయటపడుతుంది. ఎత్తకపోతే కోళ్లు దక్కవు. అయినా కోటిలింగం లేవలేదు.

"మీ కోళ్లు భలే నెమ్మదిగా ఉన్నాయే! నాకైతే ఏ వాసనా తెలియడం లేదు" అంటూ అధికారి జీపెక్కాడు.

కోటిలింగం పరుగెత్తి తాళ్లు కోసి లోపలికి దూరాడు. ఎటు చూసినా కోళ్లు గుట్టలుగా చచ్చిపడి ఉన్నాయి. ఘాటు గాలి గొంతు పట్టేసింది. కళ్లు కనిపించక, దగ్గుతూ అక్కడే కూలబడ్డాడు. నాగరత్నం కేక విని వచ్చిన సుందరమ్మ అతని రెక్క పట్టుకుని బయటికి లాగింది. మంచినీళ్లు తాగించింది.

"చచ్చిపోతాననుకున్నాను అక్కా" అన్నాడు, ఊపిరి కాస్త కుదుటపడ్డాక.

"మీ బావ రోజూ అదే అనుకుంటాడు" అంది సుందరమ్మ.

మర్నాడే కోటిలింగం అధికారి దగ్గరికి వెళ్లి జరిగింది దాచకుండా చెప్పాడు. పాత ఊకంతా ఎత్తించి, నేల మీద సున్నం చల్లించాడు. పోయిన కోళ్లు తిరిగి రాలేదు కానీ, పక్కింట్లో ఆయాసం కొంత తగ్గింది.

పదిమంది పీల్చే గాలిని పాడుచేసి, ఆ తప్పును కప్పిపుచ్చాలని చూసేవాడికి ఆ గాలే ముప్పు తెస్తుంది.