మూసిన నోరు

నాన్న కనబడితే చాలు, వకుళ రెండు చేతులతో నోరు మూసుకునేది.

చేతిలో కంచం ఉన్నా లేకపోయినా అంతే. అతను బడినుంచి వచ్చి చెప్పులు విడుస్తుంటే మూసుకునేది. ఎత్తుకోబోతే మూసుకునేది. నాలుగేళ్ళ పిల్ల. అది చూసినప్పుడల్లా తండ్రి శేషఫణి చాచిన చేతులు వెనక్కి తీసుకునేవాడు.

శేషఫణి నల్లమల అంచున ఒక ఊళ్ళో డ్రిల్లు మాస్టరు. ఈల వేస్తే బడి బడంతా వరసలో నిలబడేది. ఇంట్లో మాత్రం, ఉన్న ఒక్క పిల్ల నోట్లోకి మునగాకు వెళ్ళేది కాదు.

పిల్ల పాలిపోయిందని డాక్టరుకు చూపిస్తే, కంటి కింది రెప్ప లాగి చూసి, "రక్తం తక్కువగా ఉంది. మందు రాస్తాను, కానీ ఆకుకూరలు బాగా పెట్టండి. మునగాకు మరీ మంచిది" అన్నాడు. పెరట్లోనే మునగచెట్టు. ఇదేమంత పని అనుకున్నాడు శేషఫణి.

భార్య తులసి పప్పులో వేసింది. వకుళ ఆకులన్నీ ఏరి కంచం అంచున పెట్టింది. తులసి దోసెపిండిలో రుబ్బి కలిపింది. "పచ్చ దోసె నాకొద్దు" అంది వకుళ. శేషఫణి తల్లి, "మీరే నెత్తికెక్కించుకున్నారు. కంచం అట్లాగే ఉంచండి. ఆకలేస్తే అదే తింటుంది" అంది. ఉంచారు. పిల్ల తినకుండానే పడుకుంది. తులసి ఉండబట్టలేక లేపి పాలన్నం పెట్టింది. నువ్వే చెడగొడుతున్నావని శేషఫణి, పస్తు పెడితే రక్తం పడుతుందా అని తులసి. ఎవరు మాట్లాడితే వాళ్ళ మాటే నిజమనిపించేది.

ఒకరోజు విసుగెత్తి, పిల్ల ముక్కు మూశాడు. ఊపిరికోసం నోరు తెరిచేసరికి ముద్ద లోపల కుక్కాడు. అది గొంతుకు అడ్డంపడింది. పిల్ల ముఖం నల్లబడింది, కళ్ళు తేలవేసింది. తులసి పరుగెత్తుకొచ్చి తలకిందులు చేసి వీపుమీద చరిస్తే ముద్ద బయటపడింది.

చేతులతో నోరు మూసుకోవడం ఆనాటి నుంచే.

శేషఫణికి ఒక గురువు ఉంది. పుల్లమ్మవ్వ. ఊరికి దూరంగా కొండకింద చిన్న మఠం, అందులో ఆమె. పున్నమికి తత్వాలు పాడుకుని, అందరూ కలిసి భోంచేసి వెళతారు. ఆమె శిష్యుల్లో శేషఫణికి ఒక పేరుంది. శనివారాలు ఉప్పు ముట్టడు. తీపి పూర్తిగా మానేశాడు. ఏది పెట్టినా ముఖం చిట్లించకుండా తింటాడు. అందరూ 'చప్పిడి మాస్టరు' అంటారు. అనిపించుకోవడం అతనికి ఇష్టమే.

ఆ పున్నమికి భార్యనూ పిల్లనూ వెంటబెట్టుకుని వెళ్ళాడు. అవ్వ వసారాలో కూచుని అరిటాకులు తుడుస్తోంది. జరిగిందంతా చెప్పాడు. ముక్కు మూసిన సంగతీ దాచలేదు.

"ఒంటికి మంచిదైనప్పుడు పెట్టాలా వద్దా అవ్వా?" అని అడిగాడు.

"పెట్టాల్సిందే" అంది అవ్వ.

శేషఫణి భార్యవైపు చూశాడు, విన్నావా అన్నట్టు.

తులసి ముందుకొచ్చింది. "వద్దువద్దని ఏడుస్తున్నా సరే, నోట్లో కుక్కొచ్చా అవ్వా?"

"కుక్కగూడదు" అంది అవ్వ.

ఇప్పుడు తులసి భర్తవైపు చూసింది.

"అదేందవ్వా!" అన్నాడు శేషఫణి. "పెట్టాలంటావు, కుక్కగూడదంటావు. నోరే తెరవని పిల్లకు ఈ రెండూ ఎట్లా కుదురుతాయి?"

"నాకేం తెలుసు నాయనా. నేను పిల్లల్ని కనలేదు, పెంచలేదు" అంది అవ్వ, ఆకులు చంకన పెట్టుకుని లేస్తూ. "పొద్దెక్కింది. కాళ్ళు కడుక్కుని కూచోండి."

పంక్తులు వేశారు. మగవాళ్ళు ఒక వరస, ఎదురుగా ఆడవాళ్ళూ పిల్లలూ. శేషఫణికి మనసంతా చికాగ్గా ఉంది. ఇంతదూరం వచ్చి అడిగితే ఇదా జవాబు?

ఆరోజు అవ్వే వడ్డించింది. అతని ఆకులో కాకరకాయ కూర వేసింది. బెల్లం, చింతపండు ఏమీ పడని వట్టి చేదు. పక్కవాళ్ళు ఆకు అంచుకు నెట్టేస్తుంటే శేషఫణి గబగబా తినేశాడు. అవ్వ మళ్ళీ వేసింది. మళ్ళీ తిన్నాడు.

"బాగుందా?"

"బాగుండడం, బాగుండకపోవడం నాకు లేవవ్వా" అన్నాడు, వరసంతా వినేటట్టు. "నాలుక చెప్పే మాట వినడం ఎప్పుడో మానేశాను."

"మంచిది" అంది అవ్వ.

తర్వాత ఓళిగలు తెచ్చింది. వేడివేడిగా, పూర్ణం కనబడుతూ, నెయ్యి కారుతూ. శేషఫణి ఆకుమీద చెయ్యి అడ్డం పెట్టాడు.

"నాకొద్దవ్వా. తీపి మానేశాను కదా."

"నేను పెడుతున్నాను, తిను."

"వద్దవ్వా."

అవ్వ పళ్ళెం కింద పెట్టి, మోకాళ్ళు పట్టుకుని అతనిముందు కూలబడింది. ఒక ముక్క తుంచింది. "ఒక్క ముద్ద. ఒంటికి మంచిది, నెయ్యి పోశాం. నోరు తెరువు."

పక్కవాళ్ళు నవ్వారు. శేషఫణీ నవ్వబోయాడు. కానీ ముక్క పెదవులకు తగిలింది. పళ్ళు బిగించాడు. ముఖం అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. ఎటు తిప్పితే అటే వచ్చింది ముక్క. చెంపకంతా నెయ్యి అంటింది. అంతలో నేతి వేళ్ళతో అవ్వ అతని ముక్కు పట్టుకుంది. ముసలి వేళ్ళే గానీ పట్టుకారులా ఉన్నాయి.

నవ్వులు ఆగిపోయాయి.

శేషఫణికి ఊపిరాడలేదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అంతమందిలో, తన గురువు, తనని! లోపలినుంచి ఏదో మంట లేచింది. చెయ్యి విసిరికొట్టాడు. ముక్క ఎగిరి మట్టిలో పడింది.

తను విసిరికొట్టింది ఎవరి చెయ్యో అప్పుడు తెలిసింది అతనికి.

అవ్వ కోప్పడలేదు. చెయ్యి చూసుకుని, చీరచెంగుకు తుడుచుకుంది.

"నువ్వు నోరు మూసుకుంటే నిష్ఠ" అంది. "అది మూసుకుంటే మొండితనం. అంతేనా నాయనా?"

పళ్ళెం తీసుకుని లేచి, పక్కాయన ఆకులో ఓళిగ వేసింది.

శేషఫణి తలెత్తలేకపోయాడు. చాలాసేపటికి ఎత్తితే, ఎదురు వరసలో వకుళ అతన్నే చూస్తోంది. దాని చేతులు ఒళ్ళో ఉన్నాయి.

వెళ్ళేముందు అవ్వ దగ్గరికి పోయి నిలబడ్డాడు. "తప్పయిందవ్వా" అన్నాడు. ఆమె విననట్టే ఉంది. కానీ అతను కదల్లేదు.

"నాకింకా తెలీడంలేదవ్వా. పెట్టొద్దని ఊరుకుంటే, డాక్టరు చెప్పిందేంగావాలి? రేపు దానికేమన్నా అయితే?"

"పెట్టొద్దని ఎవరన్నారు?"

"మరి తినకపోతే?"

"మళ్ళీ పెట్టు."

"మళ్ళీ తినకపోతే?"

అవ్వకు నవ్వొచ్చింది. "ఇన్నేండ్లుగా నేను చెప్పేది నీకు తలకెక్కడంలేదు. చెప్పడం మానేశానా? ఈరోజు తప్ప ఎప్పుడన్నా నీ ముక్కు మూశానా?"

బస్సులో వకుళ తల్లి ఒళ్ళో కూచుంది. కొంతదూరం పోయాక అతనివైపు వంగింది.

"నాన్నా, అవ్వ నీకు కూడా ముక్కు మూసిందా?"

"మూసింది."

"ఊపిరాడలేదా?"

"ఆడలేదమ్మా."

పిల్ల అతని చెంపమీద మిగిలిపోయిన నెయ్యిని గౌను అంచుతో తుడిచింది. శేషఫణి కిటికీవైపు ముఖం తిప్పుకున్నాడు.

మర్నాడు సాయంత్రం తులసి మునగాకు వేపుడు చేసింది. శేషఫణి తన కంచంలో పెట్టుకున్నాడు. వకుళ కంచంలో అంచున కాస్త పెట్టి, చెయ్యి వెనక్కి తీసేసుకున్నాడు. ఆ చేతిని ఏం చెయ్యాలో తెలియక ఒళ్ళో పెట్టుకున్నాడు. పెట్టినట్టా, ఊరుకున్నట్టా? అతనికే తెలీలేదు.

వకుళ ఆకుల జోలికి పోలేదు. అతను తింటుంటే చూస్తోంది.

"నీకది ఇష్టమా నాన్నా?"

ఎప్పుడూ చెప్పే జవాబు నోటిదాకా వచ్చి ఆగింది. మరోసారి నమిలాడు. చాలాకాలానికి, నాలుక ఏమంటోందో విన్నాడు.

"లేదు" అన్నాడు. "కొంచెం చేదుగా ఉంది. కొంచెం పచ్చివాసన."

"మరెందుకు తింటున్నావు?"

శేషఫణి ఎత్తిన ముద్ద కంచంలోనే పెట్టాడు.

అంతలో వకుళ ఒక ఆకు తీసి నాలుకమీద పెట్టుకుంది. పళ్ళతో కొరికింది. ముఖమంతా ముడుచుకుపోయింది. ఉమ్మడానికి చోటుకోసం అటూ ఇటూ చూసింది.

అతను అరచెయ్యి చాపాడు. పిల్ల అందులో ఉమ్మేసి, నాలుక చాపి చూపించింది. నాలుక కొసన పచ్చగా ఉంది.

"తిన్నదా?" అని కేకేసింది తులసి వంటింట్లోంచి.

శేషఫణి అరచేతిలోని ఆకువైపు చూశాడు. పిల్ల నాలుకవైపు చూశాడు. తిన్నదనాలో తినలేదనాలో తెలియక, చెయ్యి అలాగే చాచి కూచున్నాడు.