జింకల పంక్తి

"రేవణా! ఓయి రేవణా! ఎక్కడున్నావయ్యా?"

మువ్వలకొండ రాజ్యాన్ని ఏలే చండభూపాలుడి గొంతు భోజనశాల అంతా మోగింది. పంక్తి చివర పెరుగన్నం కలుపుకుంటున్న రేవణుడు ఉలిక్కిపడి తలెత్తాడు. ఆ కొలువులో అందరినీ నవ్వించడమే అతని పని. ఈమధ్య మాత్రం మనిషి ఒకచోట, మనసు ఒకచోట.

"ఇక్కడే ఉన్నాను ప్రభూ."

"రేపు వేటకు పోతున్నాం. ఎల్లుండి మా బావమరిది దిగుతున్నాడు. నాలుగు జింకలు తెచ్చి వాడి ముందు పడేస్తే గాని నా గొప్ప వాడికి ఎక్కదు. కొండకింద ఎవరిదో చెలకలో పొద్దువాలితే జింకలు మందలుగా వచ్చి గింజలు తింటున్నాయట. పరుగెత్తే పని లేదు. కూర్చుని కొట్టొచ్చు!"

రేవణుడి చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

ఆ చెలక మైలమది. వానల్లేక కొండ మీద గడ్డి మాడిపోయింది. తండ్రి ఇచ్చిన ఆ చెలకలో ఆమె రోజూ ఒక నాగటి చాలు పొడవునా జొన్నలు, నానిన ఉలవలు, పైన చిటికెడు ఉప్పు చల్లేది. సాయంకాలం ఆ చాలు పక్కన కూర్చుంటే లోకం ఎక్కడో దూరంగా, కలలో వినబడే గంటలా ఉండేది. రేవణుడు రోజూ వెళ్లేవాడు. నిండు సభలో నీళ్లలా పారే మాటలు ఆమె ముందు గొంతులోనే ఇంకిపోయేవి.

ఒకనాడు మైలమే అంది: "నన్ను నమ్మి వస్తున్నాయి. ఇక్కడ ఒక్కటి పడినా నా చేత్తో చంపినట్టే. ఆ పైన నేనీ ఊళ్లో ఉండను."

రేవణుడు ఇది తలుచుకుంటుండగా, అవతల దండనాయకుడు భోజనం ముగించి లేవబోయాడు.

"కూర్చో!" రాజుగారు గద్దించాడు. "పక్కవాళ్లు తింటుండగా పంక్తిలోంచి లేస్తావా? మా తాతల నాటి మర్యాద మంటగలుపుతావా?"

దండనాయకుడు బిక్కమొహం వేసుకుని కూర్చున్నాడు. రేవణుడి కళ్లు మెరిశాయి.

"ప్రభూ, గుర్రాన్ని చూస్తే ఆ జింకలు నిలవవు. అక్కడ ఓ మనిషి కూర్చుని తింటుంటే ఆ ధైర్యంతో వస్తాయి. తమరూ విస్తరి వేసుకుని కూర్చోండి. చేతికందుతాయి."

"భలే దొంగ తెలివయ్యా నీది!" అని మురిసిపోయాడు రాజు.

ఆ సాయంత్రం సంగతి విని మైలమ మండిపడింది. "చంపడానికి వచ్చేవాడికి నేను వండి పెట్టాలా?"

"కడుపునిండా పెట్టు. నన్ను నమ్ము."

"జింకలూ నన్ను అలాగే నమ్మాయి," అంది మైలమ.

మర్నాడు పొద్దు వాలుతుండగా రాజుగారు గుర్రాన్ని వాగు అవతలే వదిలి వచ్చి మోదుగాకు విస్తరి ముందు కూర్చున్నాడు. విల్లు పక్కనే ఉంది. ఆయన విస్తరి దగ్గరే చాలు మొదలైంది. మైలమ దాని పొడవునా గింజలు పోసింది. నడిచి నడిచి ఆకలేసిన రాజుగారికి వేడివేడి జొన్నసంకటి, చింతచిగురు పప్పు తగిలేసరికి ఒళ్లు తెలియలేదు.

కొండ మీద వెలుగు తేనెరంగుకు తిరిగింది. నీడలోంచి ఇంకో నీడ విడివడినట్టు ఒక తల్లి జింక వచ్చింది. దాని వెనక పిల్ల, ఆ వెనక ఇంకెన్నో. చప్పుడు లేకుండా చాలు వెంట వరసగా తలలు వంచాయి.

రాజు చెయ్యి విల్లు మీదకు పోయింది.

"ప్రభూ, ఎంగిలి చెయ్యి!" వెనకే కూర్చున్న రేవణుడు గుసగుసలాడాడు. "దసరాకి పూజలందుకునే విల్లు!"

రాజు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "నీళ్లేవి? చెయ్యి కడుక్కుంటాను."

"లేవాలి కదా ప్రభూ. పంక్తి ఇంకా ముగియలేదు."

"పంక్తి ఏమిటయ్యా, ఇక్కడ తింటున్నది నేనొక్కణ్ణేగా?"

"అటు చూడండి. ఒక్క గంపలోని జొన్నలే. మైలమ తమకు వండి పెట్టింది, వాళ్లకు ఉన్నవి ఉన్నట్టు పెట్టింది. వరస ఒక్కటే. తింటున్నవాళ్లను వదిలి లేస్తే, నిన్న దండనాయకుడికి తమరు సెలవిచ్చిన మాట..."

రాజు పళ్లు కొరికాడు. "ఎడమ చేత్తో వేస్తాను!"

"వేయండి ప్రభూ. గురి తప్పి అది తగిలేది మాత్రం నాకే."

చేసేదేమీ లేక రాజు ఎండిపోతున్న చేతితో అలాగే కూర్చున్నాడు. అంతలో జింకపిల్ల ఒకటి చాలు వెంట నడుచుకుంటూ వచ్చి, రాజుగారి విస్తరి వాసన చూసి, ఉప్పటి ఆయన వేళ్లను మెల్లగా నాకడం మొదలుపెట్టింది. ఆయన కదలలేదు. చక్కిలిగిలికి బొజ్జ మాత్రం ఊగుతోంది. ఎందుకో ఆయనకు చిన్నప్పుడు అమ్మ గోరుముద్దలు తినిపించిన సాయంకాలాలు గుర్తొచ్చాయి.

చివరి జింక తలెత్తి పొదల్లో కలిసిపోయాక గాని ఆయన లేవలేదు. చెయ్యి కడుక్కుని, ఇన్నాళ్ల బింకమంతా పగిలిపోయేలా నవ్వాడు.

"ఒరేయ్ రేవణా, మా తాతల మర్యాదతోనే నా చేతులు కట్టేశావు కదరా! సరే, వినండి. ఈ చెలకలో గింజ తిన్నది నా పంక్తిలో తిన్నట్టే. వాటి మీద విల్లెత్తినవాడు నా విస్తరి తన్నినట్టే. వానలు పడేదాకా గింజలు మా గాదెలోంచే వస్తాయమ్మా మైలమా."

"మరి తమ బావమరిదిగారికి, ప్రభూ?" అన్నాడు రేవణుడు.

"వాడికీ సంకటే పెడతాను!"

రాజు తన మెడలో ముత్యాలహారం తీసి రేవణుడి మెడలో వేశాడు. "అయినా జింకలంటే నీకింత ప్రాణమని ఎన్నడూ చెప్పలేదేమయ్యా?"

రేవణుడు నోరు తెరిచాడు. ఏ చమత్కారమూ దొరకలేదు.

"ప్రభూ, ఎండలు మొదలైనప్పటి నుంచీ రోజూ వస్తున్నాను. వాటి ఒంటి మీద మచ్చలుంటాయని ఇవాళే చూశాను."

రాజు మళ్లీ పగలబడి నవ్వాడు. మైలమ నవ్వలేదు. ఖాళీ గంప చంకన పెట్టుకుని నిలబడిపోయింది.

"మరి ఇన్నాళ్లూ ఇక్కడ కూర్చుని ఏం చూసినట్టు?"

"నిన్నే, మైలమా," అన్నాడు రేవణుడు. "నిన్ను చూడ్డానికే వచ్చాను."