గాలి తెచ్చిన విసనకర్ర

సముద్రం ఒడ్డున బంగళాలో ఒక దొరసానీ, ఆవిడ చేతిలో ఒక విసనకర్రా ఉండేవారు.

దొర ఓడ దిగినవాడు దిగినట్టే అక్కడి ఉప్పుమడులన్నీ నావేనన్నాడు. ఉప్పు దాచుకోడానికి మిట్ట మీద రాతి కొటారు కట్టించుకున్నాడు. పల్లెలో ఇళ్ళన్నీ తాటాకువి. గట్టి గోడలంటే ఆ కొటారువే.

ఇక విసనకర్ర వైభోగం వినండి. దంతపు పుల్లలు, పట్టుగుడ్డ, దాని మీద గొర్రెపిల్లని ముద్దాడుతున్న తెల్లపిల్ల బొమ్మ. సోకే తప్ప, దాని గాలికి ఒక్క చెమట బొట్టు ఆరిన పాపాన పోలేదు. అయినా మిడిసిపాటు అంతా ఇంతా కాదు. ఎందుకంటే దొరసాని ఒక కట్టడి పెట్టింది. విసనకర్ర విచ్చుకుని ఉన్నంతసేపూ ఊరివాళ్ళెవరూ నోరు మెదపకూడదు. మూశాకే మనవి చేసుకోవాలి.

బట్లరు ఆ పల్లెలో పుట్టినవాడే. వచ్చినవాళ్ళకి మూతి మీద వేలేసి చూపించడమే అతని ఉద్యోగం. దానికోసం ఇత్తడి బొత్తాల కోటొకటి కుట్టించారు. ఆ కోటు వేసుకుని సొంత పిన్నినే గుర్తుపట్టడం మానేశాడు మహానుభావుడు.

ఒకరోజు గాలి పూర్తిగా పడిపోయింది. ఆకు కదల్లేదు. సముద్రం మాత్రం అడుగునుంచి మూలుగుతోంది. పల్లెలో ముసలాళ్ళు ఆకాశం చూసి, ఉప్పెన తప్పదన్నారు. పిల్లాజెల్లాతో కొటారులో తలదాచుకోవాలి, దొర చూస్తే ఊళ్ళో లేడు, తాళంచెవేమో బంగళాలో ఉంది. అది అడిగి తెమ్మని నూకాలుని పంపారు. నూకాలు చేపల గంప మోసే మనిషి, ఎవరికీ జంకదు. చంటిబిడ్డని అత్త ఒళ్ళో పడేసి పరిగెత్తుకొచ్చింది.

ఉక్క భరించలేక దొరసాని తెగ విసురుకుంటోంది.

"అమ్మగారూ..." అంది నూకాలు.

"ష్! మూసేదాకా ఆగవే" అన్నాడు బట్లరు.

"ఎప్పుడు మూస్తారు?"

"ఒళ్ళు చల్లబడ్డాక."

నూకాలు నిలబడింది. ఉక్క పెరిగేకొద్దీ విసురు పెరిగింది. అవతల ఆకాశం కాటుకలా నల్లబడింది. ఇదెక్కడి చోద్యం! అక్కడ బిడ్డలు మునిగిపోతారంటే ఇక్కడ పుల్లల వంక చూస్తూ నిలబడాలా?

ఇంతలో ఒక్క గాలి విసురు వచ్చి తెరలన్నీ ఎగరగొట్టింది.

"చూశారా! తెచ్చాను!" అని విసనకర్ర ఒళ్ళు విరుచుకుంది.

"హమ్మయ్య, ఇప్పటికి గాలాడింది" అని దొరసాని ఇంకా జోరుగా విసిరింది.

నూకాలుకి ఒళ్ళు మండిపోయింది. గబగబా వెళ్ళి విసనకర్రని లాక్కుని, టపీమని మూసి, నడుముకి దోపుకుంది.

"సముద్రం మీదకొచ్చేస్తోంది. తాళంచెవి ఇవ్వండి. మీరూ రండి."

దొరసాని మొహం కందగడ్డ అయింది. "ముట్టుకుంది! నా విసనకర్రని ముట్టుకుంది!"

ఆవిడ ఇంకా ఆ మాటే అరుస్తోంది, నూకాలు గోడకున్న తాళంచెవి అందుకుని పల్లెవైపు పరిగెత్తింది. బట్లరు దొరసానిని రెక్క పట్టుకుని కొటారుకి ఈడ్చుకొచ్చాడు. అతను పుట్టాక చేసిన మంచిపని అదొక్కటే.

ఉప్పెన వచ్చింది. బంగళా కొట్టుకుపోయింది, పల్లె కొట్టుకుపోయింది. ఉప్పు బస్తాల మీద ముడుచుకు కూచున్నవాళ్ళంతా బతికారు. నూకాలు బిడ్డ కూడా బతికింది.

తెల్లారేసరికి గాలి తగ్గింది. తనని మూసేశారు కాబట్టే తగ్గిందని విసనకర్ర తేల్చుకుంది. పట్టుగుడ్డ నాని ఊడిపోయి, పుల్లలే మిగిలాయన్న సంగతి దానికింకా తెలీదు.

దొరసాని కళ్ళు తెరిచి అన్న మొదటి మాట, "నా విసనకర్ర ఏదీ?"

నూకాలు తీసి ఇచ్చేసింది. దొరసాని ఆ ఎముకల గూడునే విప్పి, జనం మీదికి చూపిస్తూ ఊపింది. బట్లరు వేలు దానంతటదే మూతి మీదికి వెళ్ళింది. ఛీ, ఏం బతుకది!

"పిల్లలు ఆకలికి ఏడుస్తున్నారు, ముందు గంజి కాయండే" అంది నూకాలు. మూటల్లో తెచ్చుకున్న బియ్యంతో ఆడవాళ్ళు గంజి కాశారు. కొబ్బరి చిప్పల్లో అందరికీ పోశారు, దొరసానికి కూడా.

"రెండు చేతులా పట్టుకోండమ్మా, కాలుద్ది" అంది నూకాలు.

దొరసాని గంజి వంక చూసింది, విసనకర్ర వంక చూసింది. విసనకర్రని బట్లరు చేతిలో పెట్టింది.

"ఆపకు" అంది.

బట్లరు పొంగిపోయాడు. ఇన్నేళ్ళకి దాన్ని తన చేతికిచ్చారు! నిటారుగా నిలబడి విసరడం మొదలుపెట్టాడు.

నూకాలు ఆఖరి చిప్ప అతని ముందుకు చాపింది. "ఏరా, తాగవా?"

అతని కళ్ళు గంజి మీదే ఉన్నాయి. కానీ విసనకర్ర విచ్చుకుని ఉంది కదా, ఊరివాడు నోరు విప్పకూడదు. విసురుతూనే ఉన్నాడు.

నూకాలు కాసేపు చూసింది. తర్వాత ఆ గంజి తనే తాగేసి, బిడ్డకి పాలివ్వడానికి కూచుంది.