ఖాళీ లేని పటం

"గవ్విస్తే గాజులిస్తా, గాజులిస్తే గంధమిస్తా, గంధమిస్తే..."

ఈ గొలుసు పాటలో ఆ తర్వాతేమిటో ఇందుమతికి చిన్నప్పుడే గుర్తుండేది కాదు. అయినా ఆగేది కాదు, నోటికొచ్చింది కలిపి పాడేసేది. తెలియదని చెప్పడానికి భయపడే ఆ పిల్లే పెద్దదై హైదరాబాదులో ఒక పరిశోధనశాలలో పనిచేస్తూ ఉండేది.

ఆమె పని వింతైనది. పెదవి మీద పొక్కులు తెప్పించే హెర్పిస్ వైరస్ ఒకటుంది. ఒకసారి ఒంట్లో చేరిందంటే నరాల్లో దాక్కుని, మనిషి బతికినంత కాలమూ పోదు. దాని డీఎన్ఏ కంటికి ఆనని పొడవాటి దారం. ఆ దారాన్ని ముక్కలు చేసి, ఒక్కో ముక్కనూ బ్యాక్టీరియాలో పెడితే, ఆ బుల్లి ప్రాణి తను పెరుగుతూ ముక్కనూ కోట్లుగా పెంచి ఇచ్చేది. ఒక ముక్క చివరా మరో ముక్క మొదలూ ఒకటే అయితే అవి పక్కపక్కవన్నమాట. అలా కూర్చుకుంటూ వైరస్ పటం గీయాలి.

అంతా కుదిరింది గానీ ఒక్క చోట అతుకు తేలలేదు. అక్కడ సరిపోయేలా ఒకటి కాదు, నాలుగు ముక్కలు మసకమసకగా కనిపించాయి. ఇందుమతి ఒకదాన్ని పటంలో పెట్టేసి, మిగతావి పాడైనవని పారేసింది.

పెద్ద శాస్త్రవేత్త ఫరీదా మేడం పటం చూసి మురిసిపోయారు. సరిగ్గా ఆ చోటే వేలు పెట్టి, "ఈ ముక్కతోనే ఆస్పత్రివాళ్లు పసిపిల్లలకు పరీక్ష తయారు చేస్తారట. సోమవారం పంపిద్దాం" అన్నారు.

ఇందుమతి ఊహించి పెట్టిన ముక్క అదే. ఈ వైరస్ పసిబిడ్డ మెదడుకెక్కితే వెంటనే మందు పడాలి. పరీక్ష తప్పు చెబితే? బస్సులో ఎవరి చంకలోనో పసివాడు నవ్వితే ముఖం తిప్పుకుంది. సోమవారం మేడం గదిలోకి వెళ్లింది.

"మీరు వేలు పెట్టిన చోట ఏముందో నాకు తెలియలేదు మేడం. ఊహించి పెట్టాను."

మేడం చేతిలోని కలం కింద పెట్టారు.

"చెబితే ఉద్యోగం పోతుందనుకున్నావా?"

"అవును మేడం."

"చెప్పకపోతే ఏం పోయేదో ఆలోచించావా?"

ఇందుమతి పటం అందుకుని ఆ ముక్కను కొట్టేసింది.

పటం ఆగిపోయింది. ఆమె పేరుతో రావలసిన వ్యాసమూ ఆగిపోయింది. పారేసిన ముక్కల కోసం పని మళ్లీ మొదలుపెట్టింది. తీరా చూస్తే పాడైనవి ఒక్కటీ లేవు. ఆ దారంలో రెండు భాగాలు అటూ ఇటూ తిరగబడి, వైరస్ నాలుగు తీరుల్లో ఉంటోంది. నాలుగూ నిజాలే. ఒక్కదాన్నే నమ్ముకున్న పరీక్ష మిగతా మూడింటినీ చూడకుండా దాటేసేది.

మేడం రిటైరైన రోజు గుమ్మంలో ఆగి, ఆమెతో చివరిగా ఒక్క మాట అన్నారు.

"తెలియని చోట ఖాళీ వదులు బేటీ. ఖాళీ కనిపిస్తే ఎవరో ఒకరు వెతుకుతారు. అబద్ధంతో పూడిస్తే ఇక ఎవరూ వెతకరు."