కాకి ముట్టని పిండం

అనగనగా ఒక రాజు. ఆ రాజుకి ముగ్గురు కొడుకులు: రణధీరుడు, జయధీరుడు, సుధీరుడు. రాజు కన్నుమూయగానే పెద్దవాళ్లిద్దరూ సింహాసనం నాదంటే నాదని కత్తులు దూశారు. ఆ మంట పెట్టింది కరాళుడనే మాంత్రికుడు. అన్నదమ్ములు కొట్టుకు చస్తే రాజ్యం తనదవుతుందని వాడి ఎత్తు. చిన్నవాడు సుధీరుడు అన్నలిద్దరి కాళ్లూ పట్టుకున్నాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది.

తేనెకొండ కనుమలో సేనలు ఎదురుపడ్డాయి. దట్టమైన మంచు. ఒకే రాజ్యపు సేనలాయె, ఇరుపక్షాల కేకా ఒకటే: "జై కొండమ్మ!" ఎవడు తనవాడో ఎవడు పగవాడో తెలియక అందినవాణ్ణి అందినట్టు పొడిచారు. చిన్న పోరే. కానీ మంచు విడేసరికి రాజ్యంలో ఏడుపు లేని ఇల్లు లేదు. సుధీరుణ్ణి పాలిచ్చి పెంచిన దాది నాగమ్మ కొడుకులిద్దరూ చెరో పక్షాన పోరాడి, ఒకరి మీద ఒకరు పడి ఉన్నారు.

"ఎవరు ఎవర్ని పొడిచారో నాకు చెప్పకు నాయనా," అంది నాగమ్మ. సుధీరుడు ఆమె ఒళ్లో తల పెట్టుకుని ఏడ్చాడు.

సైనికులకి రాజే తండ్రి. అందుకని పదోనాడు అన్నదమ్ములే ఏటి ఒడ్డున పిండాలు పెట్టారు. కాకి పిండం ముట్టేదాకా ఎవరూ కత్తి పట్టకూడదు. ముట్టిందా, మళ్లీ యుద్ధమే. 

కాకులు చెట్టు దిగలేదు.

"మీ పెళ్లాం బిడ్డలకి బంగారమిస్తా," అని చచ్చినవాళ్లకి మాటిచ్చాడు రణధీరుడు. దిగలేదు.

"భూములిస్తా," అన్నాడు జయధీరుడు. దిగలేదు.

కరాళుడు ఏదో మంత్రం గొణిగాడు. ఎక్కణ్ణించో ఒక కాకి వచ్చి గబగబా తినసాగింది.

"ముట్టింది! దూయండి కత్తులు!" అని అరిచాడు కరాళుడు.

"ఆగండన్నా!" అన్నాడు సుధీరుడు. "మెతుకు దొరికితే తనవాళ్లని పిలవకుండా తినే కాకిని ఎక్కడైనా చూశారా?" అంటూ దాని మీద నువ్వులనీళ్లు చల్లాడు. మాయకాకి బూడిదైంది. దానికి తన ప్రాణమే పోసిన కరాళుడూ కుప్పకూలాడు.

అప్పుడు చెట్టు మీది ముసలికాకి నోరు విప్పింది. "వాళ్లకి బంగారం వద్దు, భూములొద్దు. మేమెందుకు చచ్చామని అడుగుతున్నారు. చెప్పండి, ముట్టుకుంటాం."

రణధీరుడు ఇసకలో కూలబడ్డాడు. "ఊరికే... ఊరికే చంపాం మిమ్మల్ని," అన్నాడు. జయధీరుడూ ఏడుస్తూ అదే మాట అన్నాడు.

ముసలికాకి కావుకావుమంది. చెట్టు మీది కాకులన్నీ దిగాయి.

అన్నలిద్దరూ కత్తులు ఏట్లో పారేసి, తమ్ముణ్ణి సింహాసనం మీద కూర్చోబెట్టారు. సుధీరుడు చక్కని చుక్కని పెళ్లాడి, చాలాకాలం చల్లగా ఏలాడు. నాగమ్మ కొడుకులు మాత్రం తిరిగి రాలేదు. కథే కదా, బతికించకూడదా అంటారు మీరు. అంతటి అబద్ధం చెప్పడానికి నాకు నోరు రాదర్రా.