ముర్రుపాల దొంగ

రత్నగిరి రాజు మల్లభూపతికి జున్నంటే ప్రాణం. గోశాలలో ఏ ఆవు ఈనినా ముర్రుపాలన్నీ వంటింటికి పోవాల్సిందే. అవి పొయ్యెక్కే ముందు రాజుగారు గిన్నె చేత పట్టుకుని వాసన చూసి మెచ్చుకోవడం రివాజు. దూడలకు మాత్రం ఆస్థాన వైద్యుడు గుండాభట్టు నూరిన బలలేహ్యం, గంజినీళ్లలో కలిపి పోసేవారు. అయినా అవి నిలబడలేక తూలిపోతున్నాయి.

"మీ లేహ్యంలో లోపమా?" అని రాజు నిలదీశాడు.

గుండాభట్టు మీసం దువ్వాడు. "నా లేహ్యం తింటే గోడైనా నడుస్తుంది ప్రభూ. గోశాల కాపరి సిద్దప్పే దాన్ని కాజేస్తున్నాడు."

"అయితే రేపటిలోగా వాడు పెళ్లాం బిడ్డలతో పొలిమేర దాటాలి" అన్నాడు రాజు.

విదూషకుడు మాచనకు మనసు చివుక్కుమంది. సిద్దప్ప ఎముకల గూడు. లేహ్యం తిన్న ఒళ్లా అది? పశువుల కాపరుల ఇంట పుట్టిన మాచనకు అసలు దొంగెవరో తెలుసు. పేరు చెబితే తల దక్కదని కూడా తెలుసు.

"ఒక్క పూట ఆగండి ప్రభూ. దొంగను రేపు దూడే పట్టిస్తుంది" అన్నాడు.

మర్నాడు ఓ కపిలావు ఈనింది. వంటవాడు ముర్రుపాల గిన్నె పట్టుకుని బయల్దేరగానే మాచన దూడను వెనకాలే వదిలాడు. అది తూలుతూ, అరుస్తూ భోజనశాల దాకా వచ్చి, రాజుగారి చేతిలోని గిన్నెలో మూతి పెట్టేసింది.

పంక్తిలో కూర్చున్న సభికులంతా తలెత్తి చూశారు. మాచన ముందుకొచ్చి చేతులు జోడించాడు.

"దొంగ దొరికాడు ప్రభూ. సొత్తు ఇంకా చేతిలోనే ఉంది."

రాజు మొహం ఎర్రబడింది. "నేనా?"

"పుట్టిన దూడ ఒంట్లో సత్తువ నిల్వ ఉండదు ప్రభూ. ముర్రుపాలలో వెన్నతో కలిసి వచ్చిన సత్తువే కాలేయంలో చేరి దాగుతుంది. ఆ వెన్న మీకు పోతోంది. వెన్న లేకుండా వట్టి గంజిలో కలిపిన లేహ్యం దాని ఒంటికి పట్టదు."

"అయితే నా లేహ్యమంతా బూడిదలో పోసినట్టేనా?" అని గుండాభట్టు గర్జించాడు.

"అయ్యో, వృథా పోలేదండీ. దూడల పేడకుప్ప మీద గుమ్మడిపాదు చూడండి. ఒక్కో కాయా తమరి బొజ్జంత ఉంది."

రాజు ముందుగా నవ్వాడు, తర్వాత సభంతా నవ్వింది. ఆయన గిన్నెను తనే వంచి దూడకు పట్టాడు. సిద్దప్పను గోశాలలోనే ఉండమన్నాడు. తన మెళ్లోని ముత్యాలహారం తీసి మాచన మెళ్లో వేశాడు. గుండాభట్టుకు మాత్రం ఆ పాదులో అన్నిటికన్నా పెద్ద గుమ్మడికాయ ఇప్పించి, ఇంటిదాకా తనే మోసుకెళ్లమన్నాడు.